కలుపు నిర్మూలన సాహిత్యం: అందులో లేని చేతులు

పరాయి దేశాల నుంచి వచ్చి మన నేలను ఆక్రమించిన మొక్కల గురించి తెలుగులో సాహిత్యం తక్కువేం లేదు. వ్యవసాయ శాఖ కరపత్రాలున్నాయి, విశ్వవిద్యాలయం ప్రచురణలున్నాయి, రైతు పత్రికల వ్యాసాలున్నాయి, రేడియో ప్రసంగాలున్నాయి, బడి గోడల మీద పోస్టర్లున్నాయి. వాటిని ఒకచోట పెట్టుకుని చదివితే మూడు సలహాలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. ఒకటి, జనానికి అవగాహన కల్పించాలి. రెండు, ఆ మొక్క ఎక్కడెక్కడ ఎంత మేర పాకిందో పటం గీయాలి. మూడు, ఆ మొక్కను తినే పురుగును తెచ్చి వదలాలి. చదువు, పటం, పురుగు. శాస్త్రపరంగా ఈ మూడింటినీ కాదనవలసిన అవసరం మాకు లేదు. మా తగాదా వేరేచోట ఉంది.

ఈ సాహిత్యంలో మొక్క ఉంది, దాని శాస్త్రీయ నామం ఉంది, దానివల్ల 'రైతు'కు జరిగే నష్టం ఉంది. కలుపు తీసే మనిషి మాత్రం లేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో, మిరప తోటల్లో అన్నం క్యారేజీ పక్కన పెట్టి సాళ్ళ మధ్య నడుం వంచేది ఎవరు? చాలావరకు ఆడవాళ్ళు. అందులోనూ మాల, మాదిగ పల్లెల ఆడవాళ్ళు, యానాది, ఎరుకల కుటుంబాల వాళ్ళు, పనుల కాలంలో వలస వచ్చే బీసీ కూలీలు. కలుపు సంగతి ఈ నేలమీద అందరికంటే ఎక్కువ తెలిసింది వీళ్ళకే. దాని బాధ ఎక్కువ పడేదీ వీళ్ళే. దాన్ని ఏరితే వచ్చే కూలి మీద పొయ్యి వెలిగేదీ వీళ్ళ ఇళ్ళల్లోనే. ఈ మూడు సంగతులూ లెక్కలోకి తీసుకోని నిర్మూలన కార్యక్రమం కలుపుతోపాటు కూలిని కూడా పీకేస్తుంది. ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఇదే.

మూడు మొక్కలు, మూడు చోట్లు

2022లో జిల్లాలు విడగొట్టాక పల్నాడు, బాపట్ల కొత్తగా వచ్చాయి. మేం మాత్రం పాత గుంటూరు, పాత ప్రకాశం అనే అర్థంలోనే ఈ పేర్లు వాడుతున్నాం. ఈ ప్రాంతంలో ముఖ్యంగా మూడు మొక్కల గురించి మాట్లాడుకోవాలి.

మొదటిది వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అనీ, క్యారెట్ గడ్డి అనీ కూడా అంటారు. శాస్త్రజ్ఞులకు ఇది పార్థీనియం. 1950ల మధ్యలో పూణెలో దీన్ని గుర్తించారు. అమెరికా గోధుమలతోపాటు దిగిందన్నది జనంలో స్థిరపడిన కథ. గట్లమీద, డొంకల వెంట, కాలవ కట్టలమీద, బీడుపడ్డ చేలల్లో పెరుగుతుంది. మొలిచిన నెలా నెలన్నరలోనే పూతకొచ్చి, ఒక్కో మొక్క పదివేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. ఒంటికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. ఏళ్ళ తరబడి తగులుతుంటే చర్మం మందం కట్టి నల్లబడుతుంది. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. పత్తిని పట్టే పిండినల్లికీ, తామర పురుగులకీ ఇది ఆశ్రయం. 2000 ఖరీఫులో అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసింది. ఆ వైరసు ఈ మొక్కలో దాగి, దీని పుప్పొడితోపాటు తామర పురుగుల ద్వారా చేలకెక్కిందని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తేల్చారు.

రెండోది సర్కారు తుమ్మ. మన వైపు చిల్లచెట్టు, చిల్లకంప అంటారు. 1870లలో మద్రాసు అటవీ శాఖ అధికారి బెడ్డోమ్ పైవాళ్ళకు రాసి దీని విత్తనాలు తెప్పించాడు. కడప జిల్లా కమలాపురం ఈ చెట్టును మన దేశంలో మొదటగా నాటిన చోట్లలో ఒకటి. వంటచెరకు కోసమని సర్కారే నాటించింది. చెరువుల లోతట్టుల్లో, వాగుల్లో, తీరం వెంట చవిటి నేలల్లో, పడమటి ప్రకాశం బీళ్ళల్లో ఇప్పుడు దీనిదే రాజ్యం.

మూడోది గుర్రపు డెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నీటి కలుపు. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవలు, మురుగు కాలవలు, ఊరి చెరువులు దీని చోట్లు.

గట్టు, బంజరు, మురుగు కాలవ. ఈ మొక్కలు పట్టిన చోట్లు ఇవి. ఊరి భూమిలో మనవాళ్ళకు మిగిలిన చోట్లు కూడా చాలావరకు ఇవే. గట్టుమీద గడ్డి కోసుకుంటాం, బంజరులో డి-పట్టా ఇస్తారు, మురుగు కాలవ పక్కన కాలనీ కడతారు. కాబట్టి ఈ మొక్కల సమస్య ఊరికి ఎంత ఉందో పల్లెకు అంతకంటే ఎక్కువ ఉంది.

పరాయిది అనే మాట

కలుపు సాహిత్యానికి 'విదేశీ' అనే మాట అంటే మోజు. విదేశీ మొక్క దండెత్తింది, స్వదేశీ మొక్కను తరిమేసింది అని రాస్తారు. ఈ మాటను కొంచెం గీకి చూద్దాం. గుంటూరు మిరపకాయ పుట్టిల్లు మెక్సికో ప్రాంతం, పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. మన చేలల్లో తెల్లగా విచ్చే పత్తి చాలావరకు అమెరికన్ పత్తి, దాని మూలమూ మెక్సికోయే. పొగాకూ అమెరికాదే. వయ్యారిభామ పుట్టిల్లు మెక్సికో తీరం. దాన్ని తినడానికి శాస్త్రజ్ఞులు తెచ్చిన పురుగుదీ మెక్సికోయే. పంటా, కలుపూ, పురుగూ ఒకే ఊరివన్నమాట. అందులో ఒకదానికి యార్డులో వేలం, ఇంకోదానికి వెలి. తేడా పుట్టుకలో లేదు, ఎవరికి లాభం అన్నదాంట్లో ఉంది.

కాలేజీ పాఠాల్లో కలుపుకు ఒక నిర్వచనం చెప్తారు: ఉండకూడని చోట మొలిచిన మొక్క. ఎవరు ఎక్కడుండాలో పుట్టకముందే రాసిపెట్టిన సమాజంలో ఈ మాట వింటే మా చెవులు నిక్కపొడుచుకుంటాయి. 'ఉండకూడదు' అని చెప్పేది ఎవరు, ఎవరి చేలో నిలబడి చెప్తున్నారు అని అడగాల్సిందే.

పేరు సంగతీ చూడండి. తాకితే ఒళ్ళు కాలే మొక్కకు పెట్టిన పేరు వయ్యారిభామ. వయ్యారం ఒలకబోసి మోసం చేసే ఆడదని భావం. ఆ పేరు పెట్టిన చూపు మొగవాడిది, గట్టుమీద నిలబడ్డవాడిది. వంగి దాన్ని పీకే ఆడమనిషికి అందులో వయ్యారం కనపడదు, మోచేతిదాకా పొక్కులు కనపడతాయి. కరపత్రాలు ఈ పేరును తడుముకోకుండా వాడేస్తున్నాయి. పేరు పలికీ పలికీ అలవాటైపోయింది నిజమే, మేమూ ఇక్కడ అదే వాడుతున్నాం. అందులో ఉన్న అవమానాన్ని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

చదువు: ఎవరు ఎవరికి చెప్పాలి?

జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ చొరవతో దేశమంతా ఆగస్టు 16 నుంచి 22 దాకా పార్థీనియం అవగాహన వారం జరుపుతారు. విద్యార్థులు ఊరేగింపు తీస్తారు, ఉపన్యాసాలుంటాయి, కాసేపు మొక్కలు పీకుతారు. పూతకు రాకముందే పీకండి, చేతులకు తొడుగులు వేసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి అని చెప్తారు. మంచి మాటలే. సరిగ్గా ఆ రోజుల్లోనే మన నల్లరేగడి చేలల్లో కలుపు పనులు ముమ్మరంగా ఉంటాయి. ఊరేగింపు పోయే రోడ్డు పక్క చేలోనే ఆడవాళ్ళు వంగి ఉంటారు. అవగాహన వాళ్ళ పక్కనుంచి జెండా పట్టుకుని పోతుంది.

పోస్టరులో బొమ్మకు చేతొడుగులుంటాయి, చేలో మనిషికి ఉండవు. వాటిని ఎవరు కొనివ్వాలో పోస్టరు చెప్పదు. తొడుగు లేకపోవటాన్ని తెలివితక్కువతనంగా చిత్రించి, కూలి రేటులో ఉన్న మోసాన్ని దాస్తుంది. విద్య పేరుతో జరిగే పెద్ద అన్యాయం ఇదే. బాధితుడికి తెలియకపోవటమే బాధకు కారణమని చెప్పటం బ్రాహ్మణీయ విద్యకు పాత అలవాటు.

పూణె ప్రాంతంలో ఈ మొక్కవల్ల వచ్చే చర్మవ్యాధిని వైద్యులు 1970లలోనే నమోదు చేశారు. ఆస్పత్రి లెక్కల్లో మొగ రోగులే ఎక్కువగా కనపడతారు. ఆ లెక్కను చదివేటప్పుడు ఆస్పత్రి గడప ఎవరు తొక్కగలిగారో కూడా అడగాలి. ఒకరోజు కూలి, బస్సు ఖర్చు, మందుల ఖర్చు పెట్టుకుని దురద చూపించుకోవడానికి పట్నం పోయే కూలి ఆడమనిషి ఎంతమంది? దురదను రోగంగా ఒప్పుకోని ఇళ్ళూ ఉన్నాయి.

అసలు తెలియనిది ఎవరికి? మిరప నారు పక్కన రెండాకుల మీద ఉన్న కలుపును చూసి ఇది ఫలానా అని చెప్పగలిగేది కలుపు తీసే ఆడవాళ్ళు. ఏది వేరుతో రాకపోతే మళ్ళీ చిగురిస్తుందో, ఏది ఏ వానకు మొలుస్తుందో వాళ్ళకు తెలుసు. ఏది తినొచ్చో కూడా తెలుసు. చెంచలాకు, గలిజేరు, అటికమామిడి, తుమ్మికూర చేలో కలుపే, పల్లెలో మాత్రం కూర. కలుపు తీసి వచ్చే మనిషి ఒళ్ళో ఆ పూట కూర ఉండేది, నెత్తిన గేదెకు గడ్డిమోపు ఉండేది. గట్టుమీద ఆ కూరాకు పోయి వయ్యారిభామ వచ్చింది. కూర పోయింది, మేత పోయింది. ఈ నష్టం 'రైతుకు నష్టం' పట్టికల్లో ఎక్కదు. ఎందుకంటే దాన్ని ఎవరూ అమ్మలేదు, కొనలేదు. ఈ జ్ఞానాన్ని శాస్త్రంలో భాగంగా ఒప్పుకుని, ఈ ఆడవాళ్ళని బడికీ కాలేజీకీ పిలిచి చెప్పించుకున్ననాడు అవగాహన వారానికి అర్థం వస్తుంది.

పటం: ఖాళీ అని రాసిన చోట ఎవరున్నారు?

మొక్క ఎక్కడుందో తెలియకుండా దాన్ని అదుపు చేయటం కుదరదు. ఇది నిజమే. ఉపగ్రహం నుంచి తీసిన చిత్రాల్లో చిల్లకంప పచ్చగా విడిగా కనపడుతుంది, ఎండాకాలంలో చుట్టూ ఎండినప్పుడు మరీ బాగా. అయితే పటం గీసేవాడు రంగుతో ఆగడు, పేరు కూడా పెడతాడు.

హైదరాబాదులోని దూరసంవేదన సంస్థ, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కలిసి 2000లో దేశానికంతటికీ బంజరు భూముల అట్లాసు మొదటిసారి అచ్చేశాయి. తర్వాత చాలాసార్లు సవరించారు. దట్టమైన తుప్పలున్న నేల, పలచటి తుప్పలున్న నేల, నీళ్ళు నిలిచే నేల, చవిటి నేల అని అందులో తరగతులు. పైనుంచి చూసే కంటికి తుప్ప కనపడుతుంది, దాని కింద ఉన్న పట్టా కనపడదు. మనవాళ్ళకు 'భూ పంపిణీ' పేరుతో ఇచ్చిన భూమిలో చాలాభాగం మెరక, చవుడు, రాళ్ళ నేల, వాగు గండ్లు. నీళ్ళు లేవు, ఎడ్లు లేవు, అప్పు పుట్టదు. అట్లాంటి నేలను రెండేళ్ళు వదిలేస్తే చిల్లకంప కమ్మేస్తుంది. పశువులు, మేకలు కాయలు తిని పేడలో విత్తనం వేసి పోతాయి. పైన నరికితే మొదలు నుంచి మళ్ళీ నాలుగు కొమ్మలు లేస్తాయి.

ఇక్కడే చట్టం మెలిక ఉంది. డి-ఫారం పట్టా షరతుల్లో భూమిని మూడేళ్ళలోగా సాగులోకి తేవాలన్నది ఒకటి. తేకపోతే వెనక్కి తీసుకోవచ్చు. అంటే కంప పెరిగిన ప్రతి ఎకరమూ 'సాగులో లేని భూమి'గా రికార్డుకెక్కే ప్రమాదం ఉంది. 1977 అసైన్డు భూముల చట్టం ఆ భూమిని అమ్మకూడదని రక్షణ ఇచ్చింది. సర్కారే తీసుకుంటే మాత్రం ఆ రక్షణ ఏపాటిది? 2008లో వాడరేవు - నిజాంపట్నం పారిశ్రామిక కారిడారు పేరుతో గుంటూరు, ప్రకాశం తీరంలో వేల ఎకరాలు సేకరించినప్పుడు అందులో అసైన్డు భూములూ ఉన్నాయి. అమరావతి భూ సమీకరణలో పట్టా భూమికి ఇస్తామన్నంత అసైన్డు భూమికి మొదట ఇస్తామనలేదు. బంజరు అని పటంలో పడితే ధర తగ్గుతుంది, గొంతు తగ్గుతుంది.

కాబట్టి మేం పటం వద్దనటం లేదు. పటంలో రెండో పొర కావాలంటున్నాం. చిల్లకంప ఉన్న ప్రతి సర్వే నంబరు పక్కన అది ఎవరి పేర ఉంది, ఏ ఏడు పట్టా ఇచ్చారు, ఎందుకు సాగు ఆగింది అన్నది రాయాలి. ఆ పొర ఉపగ్రహం గీయలేదు, పల్లెలో కూర్చుని గీయాలి. ఆ పని మన విద్యార్థులు చేయగలరు. ఒక మండలం రెవెన్యూ రికార్డు, ఒక ఉపగ్రహ చిత్రం, పట్టాదారుల నోటిమాట, ఈ మూడూ పక్కపక్కన పెట్టండి. కలుపు పటం కాస్తా భూమి పటం అయిపోతుంది.

పురుగు: కూలి అడగని కూలీ

జీవ నియంత్రణ మన దేశానికి కొత్తేమీ కాదు. 1795లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఎర్రరంగు వ్యాపారం మీద ఆశతో బ్రెజిల్ నుంచి నాగజెముడు మీద బతికే పురుగును కలకత్తాకు తెప్పించారు. రంగు పురుగు అనుకున్నది వేరే జాతిదైంది. రంగు రాలేదు, నాగజెముడు మాత్రం చచ్చింది. 1926లో మరో జాతి పురుగును శ్రీలంక నుంచి తెచ్చాక దక్షిణాదిన మిగిలిన నాగజెముడు పొదలు కొద్ది ఏళ్ళలోనే కూలిపోయాయి. ప్రపంచంలో కలుపు మీద పురుగు గెలిచిన తొలి కథల్లో ఇది ఒకటి.

ఆ ధైర్యంతోనే 1983లో బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వయ్యారిభామను తినే జైగోగ్రామా పెంకు పురుగును మెక్సికో నుంచి తెచ్చింది, మరుసటి ఏడు బయట వదిలారు. దాదాపు అదే కాలంలో గుర్రపు డెక్కను తినే ముక్కు పురుగులనూ తెచ్చారు. పెంకు పురుగు వానాకాలంలో ఆకును జల్లెడ చేస్తుంది. చలి, ఎండ కాలాల్లో మట్టిలో దూరి నిద్రపోతుంది. పొద్దుతిరుగుడు మీద కూడా వాలుతోందని 1990ల మొదట్లో కర్ణాటకలో గగ్గోలైతే విచారణ జరిపించవలసి వచ్చింది.

మన పత్తి, మిరప నేలలో దీని సంగతి వేరుగా ఆలోచించాలి. ఈ నేల మందుల నేల. 1987-88 నాటికే ఇక్కడి పచ్చపురుగు సింథటిక్ మందులకు లొంగలేదు. తెల్లదోమ, పచ్చపురుగు కలిసి పత్తిని ఊడ్చేశాయి, ప్రకాశం, గుంటూరు రైతుల ఆత్మహత్యలు దేశానికి తెలిశాయి. 2021లో నల్ల తామర పురుగు మిరపను ముంచినప్పుడు మళ్ళీ మందు మీద మందు కొట్టారు. చేలో ఇంత మందు కొడుతుంటే గట్టుమీది పెంకు పురుగు ఎట్లా బతుకుతుంది? అది నిద్రపోయే మట్టిని ట్రాక్టరు తిరగేస్తుంటే మరుసటి ఏడు ఎక్కణ్ణుంచి లేస్తుంది? పురుగును వదలమనే కరపత్రం, మందు కొట్టమనే కరపత్రం ఒకే ఆఫీసు బల్లమీద పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్నొకటి చదవవు. పురుగుతోపాటు పోటీ మొక్కనూ వాడమని శాస్త్రజ్ఞులు చెప్తారు. డొంకల వెంట తగిరిస చల్లితే అది వయ్యారిభామను అణచిపెడుతుంది. మన నేలకు, మన ఖర్చుకు తగిన పని ఇది. మందుల కంపెనీకి ఇందులో అమ్మేదేమీ లేదు కాబట్టి ప్రచారం రాదు.

చిల్లకంప దగ్గర పురుగు ప్రశ్న ఇంకా చిక్కుది. పల్లెలో పొయ్యి కిందికి అది కావాలి. యానాది కుటుంబాలు దాన్ని కొట్టి బట్టీ పెట్టి బొగ్గు చేస్తాయి. ఆ బట్టీల దగ్గర అడ్వాన్సు కింద చిక్కి వెట్టి చేసినవాళ్ళూ ఉన్నారు. దాన్ని చంపే పురుగు వస్తే వాళ్ళ సంకెల తెగుతుందా, తిండి తెగుతుందా? ఇది వాళ్ళని అడగకుండా తేల్చే ప్రశ్న కాదు. దక్షిణాఫ్రికా వాళ్ళు 1980ల చివర చెట్టును చంపని పురుగును, గింజను మాత్రమే తినేదాన్ని ఎంచుకున్నారు. నీడ, కాయ, కట్టె మిగలాలి, పాకటం ఆగాలి అని. కెన్యాలో బారింగో సరస్సు దగ్గరి ఇల్చామస్ జనం ఈ చెట్టును తమ నేలమీద నాటించినందుకు 2006లో ప్రభుత్వాన్నే కోర్టుకీడ్చారు. తియ్యటి కాయలు తిని పళ్ళూడిన మేకను సాక్ష్యంగా పట్టుకెళ్ళారు. చెట్టు వచ్చేటప్పుడు తమని అడగలేదన్నది వాళ్ళ ఫిర్యాదు. మనల్ని వచ్చేటప్పుడూ అడగలేదు, పొమ్మనేటప్పుడూ అడగటం లేదు.

నాలుగోది: గడ్డి మందు

చదువు, పటం, పురుగు అని కాగితం మీద రాసుకుంటారు. చేలోకి దిగేది మాత్రం నాలుగోది, గడ్డి మందు. మన దేశంలో గ్లైఫోసేటుకు అనుమతి తేయాకు తోటలకూ, పంట లేని చోట్లకూ మాత్రమే. దాన్ని తట్టుకునే పత్తి విత్తనాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండానే అమ్మారు. ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ చేలల్లో అది ఉన్నట్టు కేంద్రం 2017లో వేసిన కమిటీ పరిశీలనలో బయటపడింది. 2018లో మన రాష్ట్రం గ్లైఫోసేటు అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. 2022లో కేంద్రం కూడా వాడకాన్ని పురుగుల నియంత్రణ ఆపరేటర్లకే పరిమితం చేసింది. ఆ మందు మనిషికి కేన్సరు కలిగించే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సరు విభాగం 2015లోనే వర్గీకరించింది.

చట్టం సంగతి అట్లా ఉంచి కూలి సంగతి చూద్దాం. పదిమంది ఆడవాళ్ళు రోజంతా చేసే పనిని ఒక మనిషి వీపున ట్యాంకు తగిలించుకుని పూటలో చేస్తాడు. ఆ మనిషి కూడా మనవాడే, ఆ విషం తగిలేదీ మన ఒంటికే. అటు పదిమంది కూలి పోయింది. చిన్నరైతు వైపు నుంచి చూస్తే కూలి ఖర్చు బరువన్నది నిజం. కౌలు కట్టి, అప్పుతెచ్చి సాగు చేసే దళిత రైతులకూ ఆ బరువు ఉంది. మేం దాన్ని దాచటం లేదు. కానీ ఆ బరువును కౌలు తగ్గించి దించుతారా, వడ్డీ తగ్గించి దించుతారా, కలుపు కూలి ఎగ్గొట్టి దించుతారా అన్నదే ప్రశ్న. ఎప్పుడూ మూడోదే దొరుకుతుంది.

పని ఆపటం అంటే ఏమిటో ఈ నేలమీద ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపటానికి ముందు దళితులకు పొలం పనులు బంద్ చేశారు. సాంఘిక బహిష్కారం అంటే మొదట కూలి బంద్. అప్పుడు అది కక్షతో చేసిన పని, అందరికీ కనపడింది. గడ్డి మందు అదే పనిని కక్ష లేకుండా, తీర్మానం లేకుండా, కేసు లేకుండా చేస్తుంది. ఎవరినీ తప్పుపట్టలేం, డబ్బా కొన్నారంతే. దళిత ఉద్యమం దీన్ని ఇంకా ఒక సమస్యగా పట్టించుకోలేదు. పట్టించుకోవాలి.

గుర్రపు డెక్క దగ్గర సంగతి తిరగబడుతుంది. అక్కడ పని ఉంటుంది, విలువ ఉండదు. మొలలోతు మురుగులో దిగి ఆ తీగను లాగే పని ఎవరి కోసం ఉందో చెప్పనక్కర్లేదు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ళను మురికి చేస్తుంటే ఒక ఆడమనిషి, మున్నంగి సువార్త, అడ్డుకున్నందుకే. చెరువు శుభ్రం ఎవరి హక్కు, మురికి ఎత్తటం ఎవరి పని అన్న ప్రశ్న ఆనాటి నుంచీ తెగలేదు.

మన కవిత్వం గురించి కూడా

ఇంతదాకా ఎదటివాళ్ళ సాహిత్యాన్ని చదివాం. మనవాళ్ళదీ చదవాలి. వెలివేతకు ప్రతీకగా కలుపు మొక్కనూ, తుమ్మచెట్టునూ ఎత్తుకోవటం మన కవిత్వంలో అలవాటైంది. ఎంత పీకినా మొలుస్తాం, నీళ్ళు పోయకున్నా బతుకుతాం, ముళ్ళే మా ఆయుధం అన్న ధోరణి. దాంట్లో ధిక్కారం ఉంది, కాదనం. అయితే ఆ మొక్కను పీకి చేతులు పుండ్లు పడ్డ తల్లి ఆ పద్యం వింటే ఏమనుకుంటుంది?

వినుకొండలో పుట్టిన జాషువా 1941లో గబ్బిలాన్ని రాయబారిగా ఎంచుకున్నాడు. గబ్బిలం గుడిలోకి పోగలదు, అరుంధతీసుతుడు పోలేడు. ఆ నిజం మీద ఆ ప్రతీక నిలబడింది. కలుపు ప్రతీక వెనక అట్లాంటి నిజం ఉందా? కలుపును వెలివేసినందువల్ల మనం బాధపడటం లేదు, కలుపు వల్ల బాధపడుతున్నాం. మన డి-పట్టా భూమిని మింగిందీ, మన కూరాకును తరిమిందీ ఆ మొక్కే. మనం మొక్క వైపు కాదు, దాన్ని పీకే చేతి వైపు. ప్రతీకను ఎంచుకునేముందు చేలోకి వెళ్ళి అడగాలని మా మనవి.

ఏం అడగాలి?

2022 డిసెంబరులో ప్రపంచ దేశాలు మాంట్రియల్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆక్రమణ జాతులు కొత్తగా వచ్చి నిలదొక్కుకునే వేగాన్ని 2030కల్లా సగానికి తగ్గించాలని అందులో ఒక లక్ష్యం. వాటివల్ల ఏడాదికి 42,300 కోట్ల డాలర్ల నష్టమని 2023లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక చెప్పింది. అంటే ఈ పనికి డబ్బు వస్తుంది, పథకాలు వస్తాయి. తమిళనాడు 2022లోనే ఇట్లాంటి మొక్కల మీద ఒక విధానం ప్రకటించింది. మన దగ్గరా వస్తుంది. అది వచ్చేలోగా మన మాట తయారుగా ఉండాలి.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయిన మరుసటి ఏడు, 1995లో, నీటి మంత్రి కాదర్ అస్మల్ ఒక కార్యక్రమం పెట్టించాడు. నీళ్ళు తాగేసే పరాయి చెట్లను నరికే పనిని పేద నల్లజాతి జనానికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, కూలి పనిగా ఇచ్చారు. తాత్కాలికపు పనులనీ, చాలని కూలి అనీ విమర్శలొచ్చాయి, అవీ నిజమే. కలుపు తీసే చేతిని లెక్కలోకి తీసుకుని మొదలుపెట్టటం మాత్రం గమనించాల్సింది. మన దగ్గర ఇందిరప్రభ కింద, తర్వాత ఉపాధి హామీ కింద ఎస్సీ ఎస్టీల భూముల్లో తుప్పలు కొట్టించారు. కొట్టి వదిలేసినచోట కంప మళ్ళీ లేచింది. వేరు తీసి, వెంటనే దున్ని, రెండు మూడేళ్ళు పంట వేస్తేనే ఆ నేల నిలుస్తుంది. దానికి నీరు, పెట్టుబడి కావాలి. లేకపోతే కంప కొట్టించిన నేలను కౌలుకు అడిగేవాళ్ళు ముందు తయారవుతారు.

అందుకని మేం అడిగేవి ఇవి. అసైన్డు భూమిలో చిల్లకంప ఉండటాన్ని సాగు షరతు ఉల్లంఘన కింద లెక్కకట్టకూడదు. ఆ కంప తీయించి, నీటి వసతితో సహా నేలను సాగులోకి తెచ్చే బాధ్యత ఆ మొక్కను నాటించిన సర్కారుదే. గట్లమీద, డొంకల్లో, కాలవల్లో కలుపు తీయటాన్ని నైపుణ్యమున్న పనిగా గుర్తించి, చేతొడుగు, బూటు, మందు ఖర్చు కలిపి కూలి కట్టాలి. వయ్యారిభామ వల్ల వచ్చే చర్మవ్యాధిని వృత్తి వ్యాధిగా రాయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దానికొక పుస్తకం పెట్టి కూలీల పేర్లు నమోదు చేయాలి. ఏ పురుగునైనా వదిలేముందు ఆ మొక్క మీద బతికే పల్లెల్లో, యానాది సంఘాల్లో సభ పెట్టి అడగాలి. దొంగ విత్తనం, గడ్డి మందు అమ్మేవాళ్ళ మీద ఉన్న చట్టాన్ని అమలు చేయాలి. కొట్టిన కూలీ మీద కేసు పెట్టటం దానికి బదులు కాదు.

విద్యార్థులకు ఒక మాట. కలుపు మీద పరిశోధన చేసే విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంలోనే ఉంది. కలుపు తీసే పల్లెలు దాని చుట్టూ ఉన్నాయి. మధ్యలో దూరం ఎక్కువ లేదు, ఆటోలో పోవచ్చు. అటు సైన్సు చదివే మన పిల్లలు, ఇటు సాంఘిక శాస్త్రాలు చదివే మన పిల్లలు కలిసి ఒక ఊరి కలుపు పటాన్ని, కూలి రేట్లను, చర్మవ్యాధుల లెక్కను వచ్చే వానాకాలంలో రాయగలిగితే, ఈ వ్యాసంలో మేం వేసిన ప్రశ్నలకు జవాబులు ఆ రాతలో దొరుకుతాయి. ఆ రాతను అచ్చువేయటానికి ఈ పత్రికలో చోటుంది.